మీడియం ఫార్మాట్ కెమెరా: వలీమా ఆల్బమ్‌కు కావాలా, దాదా కాగితాలకు కావాలా?

గత వారం మామూ మా ఇంటికి వచ్చారు. చేతిలో ఫొటోగ్రాఫర్ ఇచ్చిన కొటేషన్. షవ్వాల్‌లో కూతురి నిఖా. రెండు ప్యాకేజీలు రాసి ఉన్నాయి. రెండూ దాదాపు ఒకటే. రెండో దాంట్లో మాత్రం ఒక లైను ఎక్కువ: "100 మెగాపిక్సెల్ మీడియం ఫార్మాట్ కెమెరా". ఆ ఒక్క లైనుకు డెబ్బై వేలు అదనం.

"బేటా, నువ్వు బీకాం చదివావు, వార్తలు రాస్తావు. ఈ మీడియం అంటే ఏంది? మీడియానికే ఇంత రేటైతే లార్జ్‌కు ఎంతుంటుంది?" అన్నారు మామూ. అందరం నవ్వాం. కానీ ప్రశ్న సరైనదే. పాతబస్తీలో పెళ్లి ఖర్చు ఎలా పెరుగుతుందో అందరికీ తెలుసు. హాలు, భోజనాలు, జోడా అయ్యాక చివర్లో ఫొటోల దగ్గర అడగకుండానే సంతకం పెట్టేస్తాం. అందుకే ఈ కెమెరా గురించి తెలుసుకుని, లెక్క కూడా వేసి రాస్తున్నాను.

మీడియం అంటే నాణ్యత కాదు, సైజు

ఫార్మాట్ అంటే కెమెరా లోపల బొమ్మ పడే చోటు సైజు. ఒకప్పుడు అక్కడ ఫిల్మ్ ఉండేది, ఇప్పుడు సెన్సర్ ఉంది. అంతే.

మన హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ మొదలైంది పెద్ద సైజుతోనే. రాజా దీన్ దయాళ్ పేరు చాలామంది వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టిన ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచారు. అక్కడ ఫొటో తీసేది కూడా ఆడవాళ్లే. ఆయన వాడినవి గాజు పలకలు. ఒక్కో పలక ఇప్పటి నోటుబుక్కు పేజీ అంత, కొన్ని అంతకంటే పెద్దవి. అంత పెద్ద పలక మీద బొమ్మ పడింది కాబట్టే ఆ ఫొటోల్లో నవాబుల షేర్వానీ కుట్టు కూడా ఈ రోజుకీ కనిపిస్తుంది. మామూ అడిగిన "లార్జ్" అదే.

తర్వాత 120 రోల్ వచ్చింది. దాని వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. మన ఇళ్లల్లో పాత రేకు డబ్బా తీస్తే చదరంగా ఉండే నెగటివ్‌లు దొరుకుతాయి. అవి 120 రోల్‌వే. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో ఇంట్లో తీసినవో, యాషికా కెమెరాతో స్టూడియోలో తీసినవో అయి ఉంటాయి. ఒక రోల్‌కు 12 ఫొటోలు. అదే మీడియం ఫార్మాట్. అంటే మన దాదా, నానాల ఫొటోలు చాలావరకు మీడియం ఫార్మాట్‌లో తీసినవే! 1969లో చంద్రుడి మీదికి వెళ్లిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలు కూడా ఈ జాతివే.

ఆ తర్వాత 35 ఎంఎం రీలు వచ్చింది. 36 ఫొటోలు, చిన్న కెమెరా, తక్కువ ఖర్చు. పెళ్లిళ్లన్నీ దాని మీదికి మారాయి. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో "ఫుల్ ఫ్రేమ్" అంటే ఆ 35 ఎంఎం రీలు సైజే.

ఇటుక అదే, గోడ పెద్దది

ఇప్పుడు కొలతలు చూద్దాం.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఫూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 100 కెమెరా (2019), హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ (2022) లాంటి వాటిలో సెన్సర్ సుమారు 43.8 × 32.9 మిల్లీమీటర్లు, అంటే 1,441 చదరపు మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్‌కు దాదాపు 1.7 రెట్లు. ఇంకా పైన ఫేజ్ వన్ కంపెనీ 150 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. దాని సెన్సర్ 53.4 × 40 మిల్లీమీటర్లు.

ఇక్కడ దుకాణంలో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. 61 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ సోనీ ఏ7ఆర్ ఫోర్‌లో ఒక్కో పిక్సెల్ సైజు 3.76 మైక్రాన్లు. 100 మెగాపిక్సెల్ జీఎఫ్ఎక్స్‌లో కూడా అంతే. ఫేజ్ వన్ 150లో కూడా అంతే! ఇటుక ఒకటే, గోడ పెద్దదైంది. చిన్న గోడకు 61 మిలియన్ ఇటుకలు, దానికంటే పెద్ద గోడకు 102 మిలియన్లు, ఇంకా పెద్ద గోడకు 151 మిలియన్లు.

కాబట్టి "మీడియం ఫార్మాట్ పిక్సెల్ వేరే రకం, మ్యాజిక్ పిక్సెల్" అని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పని లేదు. గోడ పెద్దది కాబట్టి మొత్తం మీద ఎక్కువ వెలుతురు పడుతుంది, ఎక్కువ వివరం వస్తుంది. ఆ లాభం నిజమే. కానీ లాభం 1.7 రెట్లంతే, పది రెట్లు కాదు.

నల్ల బురఖా, తెల్ల కుర్తా: బిట్ల లెక్క

రెండో విశేషం 16 బిట్ రంగు. దీన్ని మెట్లలాగా అనుకోండి. పూర్తి నలుపు నుంచి పూర్తి తెలుపు వరకు ఎన్ని మెట్లున్నాయి అన్నదే బిట్ల లెక్క. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక్కో రంగుకు 256 మెట్లు. 14 బిట్ రా ఫైల్‌లో 16,384. 16 బిట్‌లో 65,536.

మిట్ట మధ్యాహ్నం చార్మినార్ దగ్గర నల్ల బురఖాలో అమ్మీని, పక్కన తెల్ల కుర్తాలో అబ్బాను నిలబెట్టి ఫొటో తీయండి. ఫోన్‌లో ఏదో ఒకటి పోతుంది. బురఖా నల్ల ముద్ద అవుతుంది, లేదంటే కుర్తా తెల్లకాగితం అయిపోతుంది. పెద్ద సెన్సర్, ఎక్కువ మెట్లు ఉన్న ఫైల్‌లో బురఖా మడతలూ, కుర్తా మీది చికన్ పనీ రెండూ నిలుస్తాయి. ఫొటో తీశాక కంప్యూటర్‌లో నీడను పైకి లేపినా మచ్చలు పడవు.

అయితే ఇదీ వినండి. మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరా 14 బిట్ ఫైల్ కూడా ఈ పనిని చాలావరకు చేస్తుంది. 14కు 16కు తేడా కనపడాలంటే వెలుతురు చాలా కష్టంగా ఉండాలి, ఆ ఫైల్ మీద పనిచేసే వ్యక్తికి చెయ్యి తిరిగి ఉండాలి. చివరికి ఆ ఫొటో వాట్సాప్‌లో వస్తే మళ్లీ 256 మెట్లే.

ఫంక్షన్ హాల్‌లో ఏమవుతుంది?

ఈ కెమెరాకు మూడు షరతులున్నాయి. ఎదురుగా ఉన్నది కదలకూడదు. వెలుతురు మన చేతిలో ఉండాలి. ఫొటోను పెద్దగా ప్రింట్ చేయాలి. ఇప్పుడు చాంద్రాయణగుట్టలోనో బండ్లగూడలోనో రాత్రి పదకొండు గంటల వలీమాను ఊహించుకోండి. పిల్లలు పరుగెడుతుంటారు, రంగురంగుల లైట్లు తిరుగుతుంటాయి, స్టేజీ మీద రెండు వరుసల్లో ఇరవై మంది.

మొదటిది వేగం. జీఎఫ్ఎక్స్ 100 సెకనుకు 5 ఫొటోలు తీస్తుంది, ఎక్స్2డీ 3.3. మంచి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు 20 దాకా తీస్తాయి. ఖాలా నవ్విన ఆ అర క్షణం దొరకాలంటే వేగమే ముఖ్యం.

రెండోది ఫోకస్ లోతు. సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ స్పష్టంగా ఉండే పొర పలచబడుతుంది. ఒక్క పెళ్లికూతురు ఫొటోకు ఇది అందం. కళ్లు స్పష్టంగా ఉంటాయి, వెనకాల అంతా మెత్తగా కరుగుతుంది. స్టేజీ మీద ఇరవై మందికి ఇదే ఇబ్బంది. ముందు వరుస బాగుంటుంది, వెనకాల ఫుప్పా ముఖం మసక. దాన్ని సరిచేయాలంటే లెన్స్ కన్ను చిన్నది చేయాలి. అలా చేస్తే ఇంకా ఎక్కువ లైటు కావాలి.

మూడోది ఫ్లాష్. సెన్సర్ ముందు ఉండే షట్టర్ తెర పెద్దది కాబట్టి అది దాటడానికి ఎక్కువ సమయం పడుతుంది. జీఎఫ్ఎక్స్ కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ వేగం సెకనులో 125వ వంతు దగ్గర ఆగిపోతుంది. హాసెల్‌బ్లాడ్ ఈ సమస్యకు వేరే దారి తీసుకుంది. షట్టర్‌ను లెన్స్ లోపలే పెట్టింది. పువ్వు రేకుల్లాగా తెరుచుకుని మూసుకునే ఆ షట్టర్‌తో 2000వ వంతు వరకు, కొన్ని కొత్త లెన్సుల్లో 4000వ వంతు వరకు ఫ్లాష్ కలుస్తుంది.

నాలుగోది చెయ్యి వణుకు. 100 మెగాపిక్సెల్‌లో చిన్న వణుకు కూడా దొరికిపోతుంది. దీనికోసమే జీఎఫ్ఎక్స్ 100లో సెన్సరే కదిలి వణుకును సర్దే ఏర్పాటు పెట్టారు. మీడియం ఫార్మాట్‌లో అది మొదటిసారి. అది మన చేతి వణుకును ఆపుతుంది కానీ పిల్లాడి పరుగును ఆపలేదు.

ఆల్బమ్ లెక్క

ఛత్తా బజార్‌లో పెళ్లి రుక్కా అచ్చు వేయించిన వాళ్లకు 300 డీపీఐ అనే మాట తెలిసే ఉంటుంది. ఒక్కో అంగుళంలో 300 చుక్కలు ఉంటే ప్రింటు స్పష్టంగా వస్తుంది.

ఆల్బమ్‌లో ఒక పేజీ 12 × 18 అంగుళాలు అనుకుందాం. 12 × 300 అంటే 3,600. 18 × 300 అంటే 5,400. రెండూ గుణిస్తే 1 కోటి 94 లక్షలు, అంటే 19.4 మెగాపిక్సెల్. మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా చాలు. ఇంకా మిగులుతుంది.

100 మెగాపిక్సెల్ ఫొటో 11,648 × 8,736 పిక్సెళ్లు. దాన్ని అదే లెక్కన ప్రింట్ చేస్తే సుమారు 39 × 29 అంగుళాలు. మూడడుగులకు పైన! గోడంత పటం కట్టించుకునే ఆలోచన లేకపోతే ఆ పిక్సెళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో పడుకుంటాయి.

పడుకోవడానికి చోటు కూడా కావాలి. 102 మిలియన్ పిక్సెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, అంటే కంప్రెస్ చేయని ఒక్క ఫొటో దాదాపు 200 ఎంబీ. పెళ్లిలో 3,000 ఫొటోలు తీస్తే 600 జీబీ. భద్రంగా రెండో కాపీ పెడితే 1,200 జీబీ. కంప్రెస్ చేస్తే తగ్గుతుంది కానీ 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైళ్ల కంటే ఎప్పుడూ ఎన్నో రెట్లు ఎక్కువే.

ఇదంతా చెప్పాక మామూ కొటేషన్ మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయితే ఈ కెమెరా దండగేనా?" అన్నారు. కాదు. అది మన ఇంట్లో వేరే పనికి సరిగ్గా సరిపోతుంది. ఆ పని గురించి ఎవరూ కొటేషన్ ఇవ్వరు.

ఒక్క చుక్క విలువ

పాతబస్తీలో చాలా ఇళ్లలో పెట్టె అడుగున పాత కాగితాలుంటాయి. దాదీ నిఖానామా, ఇంటి కాగితాలు, ఇనాం భూమి ముంతఖబ్, చేత్తో రాసిన ఖురాన్ పేజీలు, ఖాందాన్ షజ్రా. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఇలాంటివి ఎన్ని ఇళ్లతో పాటు కొట్టుకుపోయాయో లెక్కే లేదు. మిగిలినవి ఇప్పుడు తేమకు, పురుగుకు, మడతల దగ్గర చిరుగులకు పోతున్నాయి.

ఈ కాగితాలు కదలవు. వెలుతురు మనం పెట్టుకోవచ్చు. వివరం ఎంతైనా కావాలి. మీడియం ఫార్మాట్ మూడు షరతులూ ఇక్కడ కుదిరాయి.

మన లిపిలో వివరం ఎందుకు అంత ముఖ్యమో ఉర్దూ చదివిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. బే, తే, సే మూడింటి ఆకారం ఒకటే, తేడా అంతా చుక్కల్లోనే. ఒక చుక్క ఎక్కువైతే దుఆ కాస్తా దగా అవుతుంది. హబీబ్ మీద చుక్క పెడితే ఖుబైబ్ అవుతాడు. కాగితం ఇంటిదైనా భూమిదైనా, పేరు మారితే మనిషి మారినట్టే. పైగా పాత దఫ్తర్ కాగితాలు చాలావరకు షికస్తా రాతలో ఉంటాయి. అందులో రాసినవాళ్లే చుక్కలు వదిలేసేవారు. ఉన్న నాలుగు చుక్కల్లో ఒకటి ఫొటోలో పోతే చదివేవాళ్లు ఏం చేయాలి?

దస్తావేజుల కాపీకి సాధారణంగా అంగుళానికి 300 నుంచి 400 చుక్కలు కావాలంటారు. ఏ4 కాగితం మీద 24 మెగాపిక్సెల్ కెమెరా సుమారు 480 ఇస్తుంది. అంటే నిఖానామాకు మామూలు కెమెరా చాలు. కానీ మూడడుగుల షజ్రా ఉందనుకోండి. దాన్ని ఒకే ఫ్రేమ్‌లో తీస్తే 24 మెగాపిక్సెల్ కెమెరాలో 6,000ను 36తో భాగిస్తే 166 మాత్రమే వస్తుంది. చుక్కలు పోతాయి. 100 మెగాపిక్సెల్‌లో 11,648ను 36తో భాగిస్తే 323. చుక్కలు నిలుస్తాయి.

ఇంకో విశేషం పిక్సెల్ షిఫ్ట్. మామూలుగా ఒక్కో పిక్సెల్ ఎరుపు, పచ్చ, నీలంలో ఒక్క రంగునే చూస్తుంది. మిగిలిన రెండింటిని పక్క పిక్సెళ్లను బట్టి కెమెరా అంచనా వేస్తుంది. పిక్సెల్ షిఫ్ట్‌లో సెన్సర్ అతి కొద్దిగా జరుగుతూ వరుసగా 16 ఫొటోలు తీస్తుంది. వాటిని కలిపితే అంచనా లేకుండా అసలు రంగే వస్తుంది. జీఎఫ్ఎక్స్ 100లో ఇలా 400 మెగాపిక్సెల్ ఫైల్ తయారవుతుంది. మనుషుల మీద ఇది పనిచేయదు, ఊపిరి తీసుకున్నా బొమ్మ చెదురుతుంది. కాగితం మీద మాత్రం ఎర్ర సిరాకూ, తుప్పు మరకకూ తేడా తెలుస్తుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులున్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘల్, ఆసఫ్‌జాహీ కాలాల కాగితాలున్నాయి. అవి సర్కారు రక్షణలో ఉన్నాయి. మన పెట్టెలో ఉన్న కాగితానికి మనమే ఆర్కైవ్స్.

ఫోన్‌తో ఈ రోజే చేయగలిగింది

కెమెరా దొరికే దాకా ఆగొద్దు. లక్షల కెమెరా రేపు తీసే ఫొటో కంటే మీ ఫోన్ ఈ రోజు తీసే ఫొటో మేలు.

• కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, నల్ల గుడ్డ మీద కాగితం పరచండి. ఫ్లాష్ వద్దు.

• ఫోన్‌ను కాగితానికి సరిగ్గా పైన, సమాంతరంగా పట్టండి. వైడ్ లెన్స్ వాడొద్దు, అంచులు వంగుతాయి.

• పెద్ద కాగితమైతే ముందు మొత్తం ఒకటి, తర్వాత దగ్గరగా ముక్కలు ముక్కలుగా తీయండి. ఒక ముక్క ఇంకో ముక్క మీదికి కొంచెం రావాలి. పక్కన స్కేల్ పెట్టండి.

• వెనక వైపు, మొహర్లు, అంచుల మీది చిన్న రాతలు కూడా తీయండి.

• స్కానర్ యాప్‌లో కాగితాన్ని తెల్లగా చేసే ఫిల్టర్ వద్దు. అది మరకతో పాటు వెలిసిన చుక్కనూ తుడిచేస్తుంది. ఫొటోను "మెరుగుపరిచే" ఏఐ యాప్‌లు అసలే వద్దు. లేని గీతను కూడా అవి గీసి పెడతాయి.

• అసలు కాగితాన్ని లామినేషన్ చేయించొద్దు. సెలోటేప్ అంటించొద్దు. ఫొటో అసలుకు బదులు కాదు, అసలుకు తోడు మాత్రమే.

• మూడు కాపీలు ఉంచండి: ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర, ఒకటి క్లౌడ్‌లో. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఫొటో కుంచించుకుపోతుంది.

ఫొటోగ్రాఫర్‌ను అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

మీడియం ఫార్మాట్ అని ఎక్కువ అడిగితే ఇవి అడగండి. కెమెరా మోడల్ ఏది, సొంతమా, అద్దెదా? ఏ ఫొటోలు దానితో తీస్తారు, పెళ్లికూతురి పోర్ట్రెయిట్‌కేనా, మొత్తం ఫంక్షన్‌కా? రా ఫైళ్లు మాకిస్తారా? ఆడవాళ్ల ఫొటోలు ఎవరు తీస్తారు, ఎవరు ఎడిట్ చేస్తారు, ఎన్నాళ్లు దాచుకుంటారు? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. 1892లోనే ఈ ఊరు దానికి జనానా స్టూడియోతో జవాబిచ్చింది. ఇప్పుడు అడగడానికి మొహమాటం ఎందుకు?

మామూ ఆ ఫొటోగ్రాఫర్‌నే పెట్టుకున్నారు, మొదటి ప్యాకేజీతో. ఒక్క మాట మాత్రం అడిగారు. ఆ పెద్ద కెమెరాతో ఒక గంట మా షజ్రా తీసి పెట్టాలని. ఆయన ఒప్పుకున్నారు. ఆ గంటకు తీసుకున్నది డెబ్బై వేలలో చిన్న వంతు.

మొన్న ఆ ఫొటో కంప్యూటర్‌లో తెరిచి చూశాం. మూడో వరుసలో ఒక పేరు మీద చుక్క ఉందా లేదా అని మా ఇంట్లో ఏళ్లుగా వాదన. పెద్దది చేసి చూస్తే అక్కడ సిరా లేదు. గుండ్రటి చిన్న రంధ్రం ఉంది, అంచు లేచి కనిపిస్తోంది. పురుగు తిన్నది. ఇన్నాళ్లూ మేం ఆ పెద్దాయనను పురుగు పెట్టిన చుక్కతో పిలుస్తున్నాం. అమ్మీ ఆయన అసలు పేరు చెప్పి ఫాతిహా చదివింది.

మీ పెట్టె కూడా ఒకసారి తెరవండి. వానాకాలం రాకముందే.